కుడివైపు వెనక చక్రం

అక్టోబరు 6, ఆదివారం

ఈవేళ మా బావను బాగా బోల్తా కొట్టించాను. ఎవరికైనా చెబితే సగం సరదా అక్కడే చచ్చిపోతుంది, చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. అందుకని దుకాణంలో ఖాళీగా పడి ఉన్న ఈ నోటుబుక్కు తీశాను. నా చేతిరాత ఎలాగూ నేను తప్ప ఎవరూ చదవలేరు.

నాయిఫ్ మా అక్క మొగుడు. పోయిన నెల ఎనిమిది సీట్ల పాత వ్యాన్ ఒకటి కొన్నాడు. పొద్దున్నే ఏడుగురు టీచరమ్మలను ఎక్కించుకుని మా ఊరు మఆన్ నుంచి డెబ్బై కిలోమీటర్లు, ఎడారిలో ఉన్న బీర్ సల్వా బడికి దింపుతాడు, మధ్యాహ్నం తెచ్చేస్తాడు. వ్యాన్ కొన్న రోజు గొర్రెను కోశాడు, దిష్టి తగలకుండా అద్దానికి నీలిపూస కట్టాడు. అప్పట్నుంచీ ఊళ్లో నడవడం మానేశాడు. పక్క వీధిలో రొట్టెలు తేవాలన్నా వ్యాన్‌లోనే.

మూడింటికి దుకాణానికి వచ్చాడు. తొంభై దాటితే స్టీరింగ్ వణుకుతోందన్నాడు. చేతుల్లో వణుకా, సీటు కిందా అని అడిగాను. ఊరంతా అబూ షాహెర్ అని పిలిచే నేను చక్రాలు సరిచేసే పని మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. చేతుల్లో వణికితే ముందు చక్రాలు, సీటు కింద వణికితే వెనకవి, బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు పళ్లెం. మా బావకేమో చేతుల్లో. "ఆ ఇబ్తిహాల్ టీచర్ మాత్రం వెనక తన కాళ్ల కింద ఏదో తంతోందని మూడ్రోజులుగా పోరు పెడుతోంది," అన్నాడు.

ముందు ఎడమ చక్రాన్ని మిషను మీద తిప్పాను. తూకం సరిపోవడానికి రిమ్ము అంచున కొట్టే సీసం ముక్క ఊడిపోయింది, నలభై గ్రాములు తక్కువ. రెండు ముక్కలు కొట్టాను, సున్నాకి వచ్చేసింది. టీచరమ్మ మాట కూడా చూద్దామని కుడివైపు వెనక చక్రం విప్పాను. టైరు నేలను తాకే చోట లోపలి తీగలు విడిపోయి నిమ్మచెక్క అంత పొంగు ఉంది. అలాంటి టైరును ఆ నిమిషమే తీసి పారేయాలి. ఆవిడ కాళ్లు మా బావ చేతులకంటే తెలివైనవి.

చెబుదామని నోరు తెరిచాను. అప్పటికి మా బావ బయట నిలబడి, మఆన్‌లో ఇలాంటి వ్యాన్ ఇంకొకటి చూపించమని దారిన పోయేవాళ్లతో సవాలు చేస్తున్నాడు. నా నాలుక దురద పెట్టింది. నాలుగు చక్రాలూ సున్నా చూపిస్తున్నాయి, బండిలో ఏ లోపమూ లేదు బావా, ఇది దిష్టి అన్నాను. బావ మొహం పాలిపోయింది. దిష్టి తీసే ఫిద్దా ముసలమ్మ దగ్గరికి వెళ్లి సీసం పోయించుకో, అయితే దిష్టి ఏ వస్తువుకి తగిలిందో సీసం ఆ వస్తువు నుంచే తీసుకెళ్లాలి అన్నాను. ఈ రెండో మాట అప్పటికప్పుడు నేను పుట్టించాను. ఫిద్దా ఎప్పుడూ నా దగ్గరున్న పాత ముక్కల డబ్బాలోంచే సీసం పట్టుకుపోతుంది.

మంగళవారం ఆ తతంగం చూసి తనివితీరా నవ్వుకుని టైరు సంగతి చెప్పేస్తాను. రెండ్రోజుల్లో కొంపలు మునగవు.

అక్టోబరు 8, మంగళవారం

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఫిద్దా ఇంటి పిట్టగోడ మీద నుంచి చూశాను. మా బావ, అంత మనిషి, ముసుగు కింద పెళ్లికూతురిలా కూర్చున్నాడు. తల మీద మా అక్క నీళ్ల గిన్నె పట్టుకుంది. ఫిద్దా కరిగిన సీసాన్ని గిన్నెలో పోయగానే చుయ్యిమని ఆవిరి లేచింది, ముసుగులోంచి చిన్న కేక. నేను తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఫిద్దా ఆ ముద్దను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. కన్ను, ఆడదాని కన్ను, రోజూ దగ్గర నుంచి చూసే కన్ను అంది. మళ్లీ రెండు మంగళవారాలు పోయాలట. అంతవరకూ ఆ చక్రాల దగ్గరికి సీసం రాకూడదట. ఈ ఆఖరి మాట కూడా నాదే. కాస్త గంభీరంగా ఉంటుందని నిన్న డబ్బా ఇచ్చేటప్పుడు ఆవిడ చెవిలో వేశాను.

ఇల్లంతా జనం. టైరు సంగతి చెప్పడం కుదరలేదు.

అక్టోబరు 9, బుధవారం

చెప్పలేదు. దుకాణంలో రద్దీ.

అక్టోబరు 10, గురువారం

మా బావ వచ్చి, వ్యాన్ ఇప్పుడు చేతుల్లోనే కాదు, నఖశిఖపర్యంతం ఊగుతోందన్నాడు. వంగి చూశాను. నాలుగు రిమ్ములూ బోడిగా ఉన్నాయి. ఒక్క సీసం ముక్క లేదు. ఆ వస్తువు నుంచే అన్నానని, స్క్రూడ్రైవరు పెట్టి అన్నీ పెకలించి ఫిద్దాకి ఇచ్చాడు.

నవ్వు ఆపుకోలేక టైర్ల మీద కూలబడ్డాను. దగ్గు వచ్చిందన్నాను. ఇలా తే, మళ్లీ ముక్కలు కొడతాను అంటే ససేమిరా అన్నాడు. ఫిద్దా ఒట్టు పెట్టిందట. ఇంత ఊగుడులో కుడివైపు వెనక చక్రం విడిగా ఎలా తంతోందో ఇక ఏ పెద్ద మెకానిక్ కూడా పట్టుకోలేడు.

పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "దిష్టి ఎవరిదో తేలిపోయింది బామ్మర్దీ. వణుకు గురించి మొదట నోరు విప్పింది ఎవరు? ఆ ఇబ్తిహాలే కదా. ఆదివారం నుంచి నా బండి ఎక్కొద్దని చెప్పేశా."

 టీ తాగుతున్నాను అప్పుడు.

ఇబ్తిహాల్ పెళ్లి కాని మనిషి. చెల్లెలి ఇంట్లో ఉంటుంది, చెల్లెలికి ఆరు నెలల మగపిల్లాడు. ఆవిడ ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే రకం, నాలుగు రోజులు రాకపోతే తీసేస్తారు.

అక్టోబరు 13, ఆదివారం

మా అమ్మాయి వద్హాకు ఉద్యోగం వచ్చింది. బీర్ సల్వా బడి, నాలుగో తరగతి. మా ఆవిడ పొద్దుట్నుంచి ఏడుస్తూ నవ్వుతూ రవ్వ హల్వా కలిపింది. ఎలా వెళ్తుందన్న బెంగ కూడా పది నిమిషాల్లో తీరిపోయింది. మా అక్క వచ్చి, మీ బావ వ్యాన్‌లో ఒక సీటు ఖాళీ అయింది కదా, వెనక కుడివైపు, అది దానిదే అంది.

హల్వా రెండు ముక్కలు తిన్నాను.

అక్టోబరు 14, సోమవారం

పొద్దున ఆరింటికి మలుపు దగ్గర నిలబడి వ్యాన్ వెళ్లడం చూశాను. నెమ్మదిగా పోతున్నప్పుడు చూస్తే వెనక కుడివైపు కుంటుతోంది. తెలిసిన కంటికే కనిపిస్తుంది. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చిన్న ఎగురు.

అలాంటి టైర్లు ఏడాది నడిచినవి నేనెరుగుదును. ఒకటి. ఒకటి నడిచింది.

మధ్యాహ్నం వద్హా వచ్చాక, ఆ సీటు ఎలా ఉందే అని అడిగాను. "కాళ్లు పిసికినట్టుంది నాన్నా, డబ్బులిచ్చినా దొరకదు ఇలాంటిది," అని నవ్వింది. దాని నవ్వు నాదే.

అక్టోబరు 15, మంగళవారం

ఫిద్దా రెండోసారి పోసింది. నేను చూడ్డానికి వెళ్లలేదు.

ఇబ్తిహాల్ ఉద్యోగం పోలేదు. బీర్ సల్వా అవతల గొర్రెల డేరాలకు బార్లీ తోలే ఫర్హాన్ పికప్‌లో వెళ్తోందట. మధ్యలో ఫర్హాన్ పెళ్లాం, తలుపు పక్కన ఈవిడ. వద్హా చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఎవరి దారి వాళ్లకు దొరికింది.

చెప్పాలంటే ఏం చెప్పాలి? టైరు పొంగింది అంటే, ఎప్పుడు చూశావు అంటాడు. పది రోజుల కింద అంటే, మరి దిష్టన్నావే అంటాడు. అక్కడి నుంచి మా అక్క దాకా వెళ్తుంది, మా ఆవిడ దాకా, వద్హా దాకా. నువ్వు చూసి కూడా నన్నెక్కించావా అని వద్హా అడుగుతుంది.

ఎవరికీ చెప్పకుండానే ఏదో చేయాలి.

అక్టోబరు 16, బుధవారం

చేశాను. ఇంత సులువని ముందే తోచలేదు.

కొత్త టైరు ఒకటి తీసుకుని సాయంత్రం మా బావ ఇంటికి వెళ్లాను. వ్యాన్ కొన్నప్పుడు నేనేం పెట్టలేదు, వద్హాను తీసుకెళ్తున్నావు కాబట్టి ఇది నా కానుక అన్నాను. కౌగిలించుకున్నాడు. గడ్డం గుచ్చుకుంది. కుడివైపు వెనక చక్రానికే వేస్తానంటే, పాతదానికేమైంది అని అడిగాడు.

"ఏమీ కాలేదు, బంగారంలాంటి టైరు. మా అమ్మాయి కూర్చునే వైపు కొత్తది ఉంటే నాకు తృప్తి," అన్నాను.

పాతది దుకాణానికి పట్టుకుపోయి కోసేద్దామనుకున్నాను. నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా ఇంట్లో పెట్టేశాడు. బంగారం అన్నావుగా అన్నాడు. సరే. మా అక్కకు పూలమొక్కల పిచ్చి, అందులో మట్టి పోసి ఏదో నాటుతుంది.

ఈ రెండు మూడ్రోజుల్లో ఈవేళే ఆకలేసింది.

అక్టోబరు 22, మంగళవారం

మూడోసారి పోయడం అయిపోయింది. ముద్దలో కన్ను కనిపించలేదట. వ్యాన్ తెచ్చాడు, నాలుగు చక్రాలకూ సీసం కొట్టి సున్నాకి తెచ్చాను. నూట ఇరవైలో కూడా టీ గ్లాసు తొణకడం లేదని మా బావ ఊరంతా తిరిగి చెబుతున్నాడు. ఫిద్దా ఇంటి ముందు జనం. ఆవిడ నా డబ్బా రెండుసార్లు ఖాళీ చేసింది.

రాత్రికి మా వంశం పెద్దలు కూడే హాలులో బావ విందు పెట్టాడు. పెరుగు పులుసులో గొర్రె మాంసం, నెయ్యి మోచేతుల దాకా. ముసుగు కింద బావ కేకను నేను అనుకరించి చూపించాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు, మా బావతో సహా. ఎవరో అన్నారు, ఆ ఆడమనిషి దిగిపోగానే బండి బాగుపడింది చూశారా అని. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. తలలూపారు.

నేనూ ఊపాను అనుకుంటాను. అన్నం ముద్ద చేసుకుంటుంటే తల దానంతటదే ఊగుతుంది.

అక్టోబరు 24, గురువారం

వద్హా చెప్పిన మాట: ఇబ్తిహాల్ ఈ మధ్య బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతోందట. పిల్లల వైపు చూడదట. మొదట్లో ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చి, మా పిల్లను వెనక బెంచీలో కూర్చోబెట్టండి అన్నారట. తర్వాత ఎవరూ అడగకుండానే ఆవిడే అటు తిరిగిపోయింది.

నువ్వు నమ్ముతావా ఇవన్నీ అని అడిగాను. సీసం అబద్ధం ఎందుకు చెబుతుంది నాన్నా అంది. చదువుకున్న పిల్ల.

వచ్చే వారం చెబుతాను. ఏదో సరదా కథలా కట్టి చెప్పాలి, ఎవరికీ గుచ్చుకోకుండా.

అక్టోబరు 27, ఆదివారం

పొద్దున వద్హాను ఎక్కించడానికి మలుపు దాకా వెళ్లాను. ఊరికే, మాట వరసకి, అక్క ఆ టైరులో ఏం నాటిందని బావను అడిగాను.

"టైరులో నాటడమేమిటి? ఫర్హాన్‌కి ఇచ్చేశా. దిష్టి తగిలిన బండి వస్తువు నా ఇంట్లో ఎందుకు? వాడి పికప్‌కి సరిగ్గా సరిపోయింది. పోయిన వారమే వేసుకున్నాడు, నీకు మేలు జరగాలని దువా కూడా చేశాడు పాపం."

వ్యాన్ వెళ్లిపోయింది. నేను ఫర్హాన్ ఇంటికి పరుగెత్తాను. తలుపుకి తాళం. బార్లీ వేసుకుని ఆరు కొట్టకముందే వెళ్లాడని పక్కింటివాళ్లు అన్నారు. నా కారు తీశాను. నలభై ఆరేళ్ల ఒళ్లు ఆ రోడ్డు మీద ఎప్పుడూ అంత వేగంగా పోలేదు. బావ వ్యాన్‌ను దాటేటప్పుడు వద్హా కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేను ఏదో వేళాకోళం ఆడుతున్నాననుకుని.

నలభై రెండో కిలోమీటరు రాయి దగ్గర రోడ్డు మీద నల్లగా, పాము కుబుసంలా, టైరు తోలు కనిపించింది. పికప్ ఇంకా రెండొందల గజాలు ముందుంది. పక్కకి పడిపోయి ఉంది. బార్లీ అంతా ఇసుకలో పోసినట్టు. ఫర్హాన్ కాలు పట్టుకుని కూర్చున్నాడు, వాడి పెళ్లాం నిలబడి ఉంది, ఒంటికి గీత లేదు. ఇబ్తిహాల్ తలుపు కింది నుంచి అప్పుడే బయటికి వచ్చినట్టుంది. మోచెయ్యి తిరగాల్సిన వైపు కాకుండా వేరే వైపు తిరిగి ఉంది. ఏడవడం లేదు. నేలను చూస్తోంది.

ఫర్హాన్ పెళ్లాం నన్ను చూడగానే, వద్దని మొత్తుకున్నాను, ఆవిడను ఎక్కించుకోవద్దని మొత్తుకున్నాను అంది. ఆవిడకు వినబడేలాగే అంది.

ముగ్గుర్నీ నా కారులో ఆసుపత్రికి తెచ్చాను. దారి పొడుగునా నేను ఒక్క వేళాకోళం ఆడలేదు. నాతో ఎవరూ అలా ప్రయాణం చేసి ఉండరు.

అక్టోబరు 28, సోమవారం

ఫర్హాన్‌కు కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ఆరు నెలలు బండి పట్టుకోలేడు. ఇబ్తిహాల్‌కు మోచేతిలో కడ్డీ వేశారు.

ఆవిడ చెల్లెలు బయటికి వెళ్లినప్పుడు తలుపు దగ్గర నిలబడి అంతా చెప్పాను. పొంగు, మిషను, దిష్టి, సీసం, కానుక. ఎక్కడా నవ్వు కలపలేదు. నా కథ నాకే వేరేవాడి కథలా వినబడింది. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని విన్నది.

"నేను దిగాక వ్యాన్ ఊగడం ఆగింది," అంది చివరికి. "నేను ఎక్కాక పికప్ పడిపోయింది. మీరు చెప్పింది బాగుంది అబూ షాహెర్. కానీ మీరెప్పుడూ బాగానే చెబుతారు."

ఇది నిజం అన్నాను.

"నిజమైతే నాకెందుకు చెబుతున్నారు? నన్ను దింపింది నేనా?"

అక్టోబరు 30, బుధవారం

టైరు తోలు వెతకడానికి ఆ రాయి దగ్గరికి వెళ్లాను, చూపిస్తే నమ్ముతారని. లారీలు తొక్కి తొక్కి అది దేని తోలో తెలియకుండా అయిపోయింది. అయినా తెచ్చాను. దుకాణంలో ఉంది.

నవంబరు 1, శుక్రవారం

మధ్యాహ్నం నమాజు తర్వాత హాలుకు వెళ్లాను. పాతిక మంది దాకా ఉన్నారు. మా పెదనాన్న దహ్హామ్ మధ్యలో, బావ ఆయన పక్కన. కాఫీ పోసేవాడు కప్పు అందించాడు. తాగకుండా నా ముందు నేల మీద పెట్టాను.

మనవాళ్లలో కాఫీ తాగకుండా కింద పెడితే ఏదో కోరడానికి వచ్చాడని అర్థం. అది తీరుస్తామని పెద్దలు మాటిచ్చాకే తాగాలి. పెళ్లి సంబంధాలకు, హత్య జరిగినప్పుడు రాజీలకు చేసే పని. నేను చేసేసరికి అందరూ నవ్వడం మొదలుపెట్టారు. వీడు ఈవేళ ఎవరి పిల్లను అడుగుతాడో చూద్దాం అన్నాడొకడు.

మొదలుపెట్టాను. దిష్టి దాకా నవ్వారు. బావ చక్రాల సీసమంతా పెకలించాడన్న దగ్గర ఇంకా నవ్వారు. పొంగు అక్టోబరు ఆరునే చూశానని చెప్పినప్పుడు ఒకరిద్దరు ఆగిపోయారు. వద్హా అదే సీటులో కూర్చుందని చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. బంగారంలాంటి టైరు అని నేనే అన్నానని చెప్పి ఆపాను.

బావ ముందుకు వంగి నా మొహంలోకి చూశాడు. "ఇది కూడా ఆటే కదా?"

కాదన్నాను.

"నాకెలా తెలుస్తుంది?"

 ఏం కావాలి నీకు అని ఎవరో అడిగారు. అందరూ నాతో ఇబ్తిహాల్ గుమ్మం దాకా రావాలి, బావ ఆవిడను మళ్లీ వ్యాన్ ఎక్కమని అందరి ముందూ అడగాలి అన్నాను. బావ లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అతని వెనక ఒక్కొక్కరే. కాఫీ పోసేవాడు మిగతా కప్పులు ఏరుకుని, నాది అక్కడే వదిలేశాడు. తాగమని ఎవరూ అనలేదు.

చివరికి పెదనాన్న ఒక్కడే మిగిలాడు. కర్ర ఆనించి లేచాడు. "నడు," అన్నాడు.

"మీరు నమ్మారా?"

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు ఎదుటివాడి మొహం చూస్తావురా, నవ్వాడా లేదా అని. ఈవేళ ఎవరి మొహమూ చూడలేదు. నడు, నా మోకాళ్లు పట్టేయకముందే."

ఇద్దరమూ నడుచుకుంటూ వెళ్లాం. ఇబ్తిహాల్ చెల్లెలు తలుపు తీసి, పెదనాన్నను చూసి లోపలికి పిలిచింది. మేం గుమ్మంలోనే నిలబడ్డాం. ఇబ్తిహాల్ వచ్చింది, చెయ్యి మెడకు కట్టుకుని. పెదనాన్న మా వంశం తరఫున క్షమించమని అడిగాడు. నేను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పాను. లోపలి గదుల్లోకి, పక్కింటి గోడ అవతలికి వినబడేంత గట్టిగా చెప్పాను.

అమ్మా, తప్పు వీడిది, నీ చూపుది కాదు అన్నాడు పెదనాన్న. ఆవిడ సరేనని తలూపింది. విన్నానండీ అంది. నేను ఊపిరి తీసుకున్నాను.

అంతలో లోపలి నుంచి ఆ పిల్లాడు పాకుతూ వచ్చాడు. ఆవిడ కాళ్ల దగ్గర ఆగి, పైకి చూసి చేతులు చాపాడు. ఆవిడ బాగున్న చేత్తో తలమీది గుడ్డను కళ్ల మీదికి లాక్కుని, వాణ్ని నా చూపు పడని చోటికి తీసుకెళ్లు అంది చెల్లెలితో.